కొండ పక్షులను తగ్గించేది పురుగా, పొదా?

ములుగు జిల్లా గోవిందరావుపేట వైపు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. తమ ఊరి గుట్టల్లో జిట్టకోళ్లు (పొదల చాటున తిరిగే నేలపక్షులు), అడవికోళ్లు, కౌజులు నాలుగైదేళ్లుగా తగ్గుతున్నాయని, చనిపోయి కనిపించిన ఒక జిట్టకోడి పేగులో సన్నటి తెల్లపురుగులు ఉన్నాయని ఆయన రాశారు. స్కాట్లాండ్ కొండల్లో గ్రౌస్ అనే పక్షుల సంఖ్య పేగు పురుగుల వల్లనే పెరుగుతూ తరుగుతూ ఉంటుందని ఎక్కడో చదివారట. మన దగ్గర కూడా అదే జరుగుతున్నదా, అలాగైతే గింజల్లో పేగు పురుగులు చచ్చే మందు కలిపి గుట్టల మీద చల్లవచ్చా అన్నది ఆయన సందేహం.

మందు చల్లవద్దని ముందే చెబుతున్నాను. ఎందుకో తరువాత వివరిస్తాను. ఆ జిట్టకోడి పురుగుల వల్లనే చనిపోయిందని ఆ ఒక్క ఆధారంతో నిర్ణయించుకోవద్దు. అడవిలో పురుగు లేని నేలపక్షి దొరకడమే అరుదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పశువైద్యుడిగా పనిచేసిన కాలమంతా నేను కోసి చూసిన ఊరకోళ్లలో, బండి కింద పడి చచ్చినదైనా సరే, కుక్క పట్టినదైనా సరే, పేగు పూర్తిగా శుభ్రంగా ఉన్నవి చాలా తక్కువ. కాబట్టి పురుగులు ఎన్ని ఉన్నాయి, ఏ కాలంలో ఉన్నాయి, ఆ పక్షికి తిండి, చాటు ఏ స్థితిలో ఉండగా ఉన్నాయి అని అడగాలి.

ఇంకొక మాట. పురుగు, ఆవాసం అనేవి రెండు వేర్వేరు కారణాలనుకొని వాటిలో ఒకదాన్ని ఎంచుకోబోతే లెక్క తప్పుతుంది. పురుగు గుడ్డు నేల మీద బతుకుతుందా, ఎండి చస్తుందా అన్నది అక్కడి తేమ, నీడ, ఎండాకు నిర్ణయిస్తాయి. ఒక పక్షి రెట్టలోని పురుగు మరొక పక్షి మేతలోకి చేరుతుందా అన్నది ఆ రెండూ ఎంత దగ్గరగా మేస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అవి ఎంత దగ్గరగా మేస్తాయన్నది పొద, నీరు, తిండి ఎక్కడెక్కడ మిగిలాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల పురుగుల లెక్కను చేతిలో పట్టుకొని వెనక్కి నడిస్తే చివరకు పొద దగ్గరికే చేరుకుంటాము. మీరు చదివిన గ్రౌస్ కథ కూడా, పూర్తిగా చదివితే, ఈ విషయాన్నే చెబుతుంది.

రెడ్ గ్రౌస్ బ్రిటన్ కొండల మీది పక్షి. మన కౌజు కంటే బాగా పెద్దది. ఆరేడు వందల గ్రాముల బరువు ఉంటుంది. హెదర్ అనే మొక్క అక్కడి కొండ నేలలను పొట్టి పొదలుగా కప్పి ఉంటుంది. దాని లేత చిగుళ్లే గ్రౌస్‌కు ప్రధానమైన మేత. పీచు ఎక్కువగా ఉండే ఆ మేతను అరిగించుకోవడానికి దాని అంధనాళాలు, అంటే చిన్నపేగు పెద్దపేగు కలిసే చోట జంటగా ఉండి ఒక కొస మూసుకుపోయిన గొట్టాలు, చాలా పొడవుగా పెరిగి ఉంటాయి. ట్రైకోస్ట్రాంగైలస్ టెన్యుయిస్ అనే పురుగు కాపురం ఉండేది ఆ గొట్టాల్లోనే. వెంట్రుకలా సన్నగా, సెంటీమీటరుకు అటూ ఇటుగా ఉండే ఈ పురుగులు ఒక్క పక్షిలోనే వేల సంఖ్యలో ఉంటాయి. చెడ్డ సంవత్సరాల్లో పదివేలు దాటిన పక్షులు కూడా కనిపిస్తాయి.

దీని జీవితచక్రంలో మధ్యలో నత్త, చీమ, వానపాము వంటి మరొక జీవి అవసరం లేదు. అంధనాళాల నుంచి వచ్చే జిగట రెట్టతో గుడ్లు నేల మీద పడతాయి, అక్కడే పొదుగుతాయి, పిల్ల పురుగులు రెండుసార్లు కుబుసం విడిచి సోకే దశకు వస్తాయి. హెదర్ కాడల మీద తడి ఉన్నప్పుడు ఆ తడి పొరలోనే పైకి పాకి చిగుళ్లకు చేరుకుంటాయి. పక్షి చిగురుతో పాటు పురుగును తింటుంది. శరదృతువులో లోపలికి వెళ్లిన పిల్ల పురుగుల్లో కొన్ని పెరగకుండా చలికాలమంతా పేగు గోడలో ఆగిపోతాయి. వసంతంలో ఒక్కసారిగా పెద్దవి అవుతాయి. పెట్ట గుడ్లు పెట్టడానికి బలం కూడగట్టుకునే సమయం సరిగ్గా అదే. దెబ్బ ఎక్కడ తగులుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు: పెద్ద పక్షులు కుప్పలుగా చావడం ఎప్పుడో గాని జరగదు, పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది, పొదిగినవి నిలవవు, పిల్లలు తక్కువ బతుకుతాయి.

గ్రౌస్ జబ్బు మీద పరిశోధన కొత్తది కాదు. 1905లో లార్డ్ లోవట్ అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడి 1911లో తన నివేదికను ప్రచురించింది. ఆ సంఘం తరఫున కొండలు తిరిగి పక్షులను కోసి చూసినవాడు ఎడ్వర్డ్ విల్సన్; కెప్టెన్ స్కాట్‌తో దక్షిణ ధ్రువానికి వెళ్లి, తిరుగుదారిలో 1912లో ప్రాణాలు కోల్పోయిన వైద్యుడు ఆయనే. పురుగును దోషిగా నిలబెట్టింది ఆ నివేదిక. అయితే సంఖ్య క్రమం తప్పకుండా నాలుగు నుంచి ఎనిమిదేళ్లకోసారి ఎందుకు పెరిగి కూలుతుందో చెప్పడానికి ఇంకా చాలా కాలం పట్టింది. రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే అనే శాస్త్రజ్ఞులు 1978లో గణిత నమూనాలతో ఒక విషయం తేల్చారు: పరాన్నజీవి తన అతిథేయిని, అంటే తాను కాపురమున్న జీవిని, వెంటనే చంపేదానికంటే దాని సంతానాన్ని తగ్గించేదైతే, ఆ ప్రభావం కొంత ఆలస్యంగా కనిపించేదైతే, పురుగులు కొన్ని పక్షుల్లోనే పోగుపడకుండా ఎక్కువ పక్షులకు పంచుకొని ఉంటే, అప్పుడు సంఖ్య నిలకడగా ఉండలేదు, ఊగిసలాడుతుంది. గ్రౌస్‌లో ఈ మూడూ ఉన్నాయి. ఈ ఏడు పక్షులు ఎక్కువైతే నేల మీద పిల్ల పురుగులు ఎక్కువవుతాయి, వాటి ఫలితం మరుసటి ఏడు పెట్టల కడుపులో కనిపిస్తుంది, ఆ పై ఏడు పక్షులు తగ్గుతాయి, పురుగులు కూడా మెల్లగా తగ్గుతాయి, మళ్లీ పక్షులు పుంజుకుంటాయి.

దీన్ని కొండల మీద పరీక్షించినవారు పీటర్ హడ్సన్, ఆండీ డాబ్సన్, డేవిడ్ న్యూబోర్న్. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆరు చోట్ల, సంఖ్య కూలుతుందని అంచనా వేసిన 1989, 1993 సంవత్సరాలకు ముందుగా పక్షులను పట్టి నోట్లో పేగు పురుగుల మందు పోశారు. రెండు చోట్ల రెండుసార్లూ పోశారు, రెండు చోట్ల ఒక్కసారి పోశారు, మిగిలిన రెండింటిని వదిలేశారు. మందు పోసిన చోట పతనం బాగా తగ్గింది. 1998లో ఈ ఫలితం ప్రచురితమైనప్పుడు చాలామంది ఇక విషయం తేలిపోయిందని అనుకున్నారు.

తేలలేదు. పక్షుల సంఖ్యను వేటలో పడిన పక్షుల లెక్కను బట్టి అంచనా వేశారని, ఆ లెక్కలో తగ్గిన ఊపు, అసలు సంఖ్యలోని ఊపు ఒకటేనని ఎలా అంటారని తోటి శాస్త్రజ్ఞులే అభ్యంతరం చెప్పారు. 2003లో మరొక ప్రయోగం జరిగింది. శరదృతువులో ముసలి పుంజులకు టెస్టోస్టిరాన్ అమర్చి వాటి పోట్లాట పెంచారు. కుర్ర పుంజులకు హద్దులు దొరకక సంతానోత్పత్తి చేసే పక్షుల సంఖ్య తగ్గింది. అంటే పురుగు లేకుండానే, హద్దుల కోసం జరిగే పోరు ఒక్కటే సంఖ్యను పడగొట్టగలదు. 2006లో వెలువడిన ఇంకొక ప్రయోగంలో మందుతో పురుగులను తగ్గించినప్పుడు ఊపు తగ్గింది గాని ఆగిపోలేదు. పురుగు ఒక కారణమని, ఒక్కటే కారణం కాదని ఇప్పటికి ఎక్కువమంది ఒప్పుకుంటారు. నా అభిప్రాయం కూడా అదే.

మన ప్రశ్నకు అన్నింటికంటే పనికివచ్చేది మాత్రం అంతగా ప్రచారంలోకి రాని ఒక పరిశీలన. 1985లోనే హడ్సన్ బృందం ఒక తేడా చూపింది: తేమ ఎక్కువ ఉన్న కొండల్లో గ్రౌస్ సంఖ్య ఊగిసలాడుతుంది, పొడిగా ఉండే కొండల్లో పురుగులూ తక్కువే, ఊగిసలాటా కనిపించదు. పక్షి అదే, పురుగు అదే. మారింది నేల ఒక్కటే. మన మిత్రుడి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడే ఉంది.

పురుగు, వేటాడే జంతువు కలిసి పనిచేసే తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు చచ్చిన పక్షి కోసం వెతుకుతూ అసలు జాడను వదిలేస్తుంటారు. పొదిగే పెట్ట తన వాసన బయటికి రాకుండా చూసుకుంటుంది. ఆ రోజుల్లో అంధనాళాల నుంచి వచ్చే వాసన రెట్ట దాదాపు ఆగిపోతుంది. పురుగులు ఎక్కువైతే ఈ కట్టడి చెడిపోతుంది. మందు పోసిన పెట్టలనూ పోయని పెట్టలనూ వేటకుక్కలతో వెతికించినప్పుడు మందు పోసినవాటిని కుక్కలు తక్కువగా పసిగట్టాయి. మరి నక్క తిన్న పెట్టను ఏ ఖాతాలో రాయాలి? పొలిమేరలో ఈకలు కనిపిస్తే మనం నక్కనో ముంగిసనో అంటాము. దాని వెనుక పురుగు ఉండవచ్చు, పురుగు వెనుక పలచబడిన పొద ఉండవచ్చు.

పొద, గడ్డి మారితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి లాంగోమ్ కొండను చూడాలి. స్కాట్లాండ్ దక్షిణాన ఉన్న ఈ కొండ మీద 1948 నుంచి 1988 వరకు గొర్రెల మేత ఒత్తిడికి హెదర్ దాదాపు సగం పోయి గడ్డి పెరిగింది. గడ్డిలో చిన్న పిట్టలు, ఎలుకజాతి జీవులు పెరిగాయి; వాటి కోసం హెన్ హారియర్ డేగలు వచ్చాయి; వచ్చిన డేగలు గ్రౌస్ పిల్లలను కూడా ఎత్తుకుపోయాయి. 1992 నుంచి 1997 వరకు జరిగిన అధ్యయనం ఈ వరుసను విప్పి చూపింది. డేగలదే తప్పని అక్కడి వేటగాళ్లు అన్నారు. కథ మొదలైంది గొర్రెల మందతో.

పిడుదుల విషయం కూడా ఇలాంటిదే. లూపింగ్ ఇల్ అనే వైరస్ గొర్రెలది. పిడుదు ద్వారా గ్రౌస్‌కు సోకుతుంది. ప్రయోగశాలలో ఈ వైరస్ ఎక్కించిన గ్రౌస్‌లలో పదింట ఎనిమిదికి దగ్గరగా చనిపోయాయి. పిడుదు తన బతుకులో ఎక్కువ భాగం నేల మీదే, తడి ఆరని దట్టమైన గడ్డి మొదళ్లలో, బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కల కింద గడుపుతుంది. అక్కడ తేమ లేకపోతే ఎండి చస్తుంది. కాబట్టి బ్రాకెన్ ముదిరిన కొండలో పిడుదులు ఎక్కువ, గొర్రెలకు మందు పట్టించని కొండలో వైరస్ ఎక్కువ. ఈ వైరస్ మనకు పూర్తిగా పరాయిదని అనుకోనక్కరలేదు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో కోతుల చావులతో బయటపడిన క్యాసనూర్ అటవీ జ్వరం కూడా ఇదే వైరస్ కుటుంబంలోని పిడుదుల శాఖకు చెందినదే.

ఐస్‌లాండ్‌లోని రాక్ టార్మిగన్ అనే మంచు కొండల పక్షిలో పురుగు స్థానంలో ఐమీరియా అనే ఏకకణజీవి ఉంది. మన కోళ్ల ఫారాల్లో రక్తపారుడు తెచ్చేది దీని బంధువే. పక్షుల సంఖ్య శిఖరానికి చేరిన ఒకటిన్నర ఏడు తరువాత ఐమీరియా శిఖరానికి చేరుతుందని అక్కడి అధ్యయనంలో తేలింది. ఆలస్యం అక్కడా ఉంది. అంతకు మించి దాని గురించి ఇక్కడ చెప్పవలసినది లేదు.

ఇక మన గుట్టలు. వీటిని కొండలనడమే కాస్త గొప్ప చెప్పుకోవడం; అయినా రాతి చరియలు, చరియల నడుమ పొదలు, కింద వాగు, చుట్టూ పత్తి చేలు ఉన్న ఈ నేలలో పక్షి బతుకు కొండ పక్షి బతుకు వంటిదే: చాటు ఉన్న చోట తిండి ఉండదు, తిండి ఉన్న చోట చాటు ఉండదు, రెండూ కలిసే అంచుల్లోనే పక్షి నిలుస్తుంది.

ట్రైకోస్ట్రాంగైలస్ వంటి తడి కోరే పురుగుకు మన వేసవి ప్రాణాంతకం. మే నెలలో బండ మీద పడిన రెట్ట కొద్ది గంటల్లో ఎండి పొడి అవుతుంది. అందులోని పిల్ల పురుగులు బతికి బట్టకట్టవు. కాబట్టి స్కాట్లాండ్ తరహా ఊగిసలాట మన గుట్టల మీద జరుగుతున్నదనడానికి నాకు కారణం కనిపించదు. అయితే అదే వేసవిలో ఇంకొక పని జరుగుతుంది. వాగులు ఎండిపోయి నీరు నాలుగైదు మడుగుల్లోనే మిగులుతుంది. ఎకరాలకొద్దీ చెదిరి మేసే అడవికోళ్లు, కౌజులు, నెమళ్లు, బురకపిట్టలు ఉదయం సాయంత్రం ఆ మడుగుల చుట్టూ చేరతాయి. అడవి మొత్తానికి లెక్క వేస్తే పక్షులు పలచగానే ఉంటాయి. మడుగు ఒడ్డున లెక్క వేస్తే కిక్కిరిసి ఉంటాయి. పురుగుకు కావలసింది ఆ రెండో లెక్కే. ఒడ్డు మట్టి తడిగా ఉంటుంది, పైన చెట్టు నీడ ఉంటుంది, రెట్ట ఎండదు. వెదురు పూసి బియ్యం రాలిన ఏడు అడవికోళ్లు ఆ బొంగు పొదల కింద గుమిగూడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

అటవీశాఖ వేసవిలో ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (పళ్లెంలా లోతు తక్కువగా కట్టిన నీటి తొట్ల) గురించి అందుకే కొంత ఆలోచించాలి. వాటిని వద్దనడం లేదు. నీరు లేకపోతే పురుగుదాకా పోకుండానే పక్షి చస్తుంది. కాని ఒక పెద్ద తొట్టి కంటే దూరదూరంగా చిన్నవి మేలు, నీడలో కంటే అంచుకు ఎండ తగిలే చోట మేలు, నింపే ముందు ఒకటి రెండు రోజులు పూర్తిగా ఎండనిస్తే ఇంకా మేలు. బ్రిటన్‌లో దీనికి ఒక గుణపాఠం ఉంది. గ్రౌస్ కందనకాయలో మేత నలగడానికి గులకరాళ్లు మింగుతుంది కాబట్టి, మందు పూత పూసిన గులకను పెట్టెల్లో పోసి కొండల మీద పెట్టారు. పురుగులు తగ్గాయి, పక్షులు మునుపెన్నడూ లేనంత దట్టంగా పెరిగాయి. 2010లో వాటి కళ్లు ఉబ్బి, ముక్కు కారే క్రిప్టోస్పోరిడియం జబ్బు ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో బయటపడింది. అందరూ వచ్చి ముక్కు పెట్టే ఆ పెట్టెలే దాన్ని పంచి ఉంటాయని అనుమానం. ఒక పురుగును కొడితే పెరిగిన గుంపులోకి మరొక జీవి దూరింది.

మన దగ్గర నేను మొదట అనుమానించేది ఊరకోడిని. పోడు చేల పక్కన, గూడేల చివర ఊరకోళ్లు రోజంతా అడవి అంచులోనే మేస్తాయి. ఊరకోడి అంధనాళాన్ని కొస దాకా చీల్చి నీళ్ల గిన్నెలో జాడిస్తే, తోక సూదిలా ఉన్న సెంటీమీటరు పొడవు తెల్లపురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి, అది హెటరాకిస్. కోడికి దానివల్ల పెద్దగా నష్టం లేదు. కాని దాని గుడ్డు మట్టిలో నెలలు, అనుకూలమైతే ఏళ్లు బతుకుతుంది, వానపాముల్లో కూడా దాక్కుంటుంది, తనతో పాటు హిస్టోమోనాస్ అనే ఏకకణజీవిని మోస్తుంది. ఆ హిస్టోమోనాస్ టర్కీ కోళ్లను, నెమళ్లను, కౌజుజాతి పక్షులను బలంగా దెబ్బ తీస్తుంది: అంధనాళాలు గట్టిపడి లోపల జున్ను వంటి పదార్థం పేరుకుంటుంది, కార్జం మీద మధ్యలో గుంటపడిన గుండ్రటి పసుపు మచ్చలు ఏర్పడతాయి. ఎర్ర అడవికోడి ఊరకోడికి మూలజాతి కాబట్టి దానికి కొంత ఓర్పు ఉండవచ్చు. జిట్టకోడికి, కౌజుకు ఆ ఓర్పు ఉంటుందని ధీమాగా ఉండలేము. మీరు చూసిన తెల్లపురుగులు చిన్నపేగులో ఉన్నాయా, అంధనాళంలో ఉన్నాయా అన్నది చాలా ముఖ్యం. మీ ప్రశ్నలో ఆ వివరం లేదు.

అమెరికాలో హీత్ హెన్ అనే పక్షి ఎలా పోయిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అది చివరకు మార్తాస్ విన్యార్డ్ అనే ఒక్క ద్వీపంలోనే మిగిలింది. రక్షణ కల్పిస్తే రెండు వేలకు దగ్గరగా పెరిగింది. 1916లో పొదిగే కాలంలో ద్వీపంలో పెద్ద మంటలు చెలరేగాయి, తరువాత గడ్డు చలికాలం, డేగలు, ఆ పైన 1920లో పెంపుడు టర్కీల నుంచి ఇదే హిస్టోమోనాస్ జబ్బు. చివరి పక్షి 1932 మార్చి తరువాత కనిపించలేదు. మంటకు తట్టుకున్న పక్షులను జబ్బు తీసుకుపోయింది. అవి ఒక్క ద్వీపంలో కాక వేర్వేరు చోట్ల చెదిరి ఉండి ఉంటే ఆ రెండు దెబ్బలూ ఒకేసారి అన్నిటికీ తగిలేవి కావు.

మేడారం జాతరకు వచ్చే కోళ్ల సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షలాది భక్తులు అమ్మవార్లకు కోళ్లను సమర్పిస్తారు, ఎదురుకోళ్లు ఎగురవేస్తారు. ఆ చోటు ఏటూరునాగారం అభయారణ్యం ఒడిలో ఉంది. జాతర తరువాత మిగిలిన కోళ్ల వ్యర్థాలను లోతుగా పూడ్చడం అవసరమే. కాని నాలుగు రోజుల జాతర కంటే మూడువందల అరవై రోజులు అడవి అంచున మేసే కోడి ఎక్కువ గుడ్లు రాలుస్తుందని నా అంచనా. పైగా కొక్కెర తెగులు (కోళ్లకు వచ్చే రాణిఖేత్ వైరస్ జబ్బు) పురుగు కన్నా వేగంగా పోతుంది. నెమళ్లు, అడవికోళ్లు కూడా దానికి లోబడేవే. గూడెంలో కోళ్లు వరసగా మెడలు వాల్చిన నెలలోనే గుట్ట మీద కూత తగ్గితే, ముందు ఆ తెగులును అనుమానించాలి.

ఇప్పుడు మంటల సంగతి. నా లెక్కలో మన గుట్టల మీద ఇదే పెద్ద కారణం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఎండాకు కాలుస్తారు, తునికాకు లేతగా ఇగురు వేయాలని పొదలు కాలుస్తారు. ఇవి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు జరిగేవి. జిట్టకోడి, అడవికోడి నేల మీద గుడ్లు పెట్టి పొదిగేది కూడా ఆ నెలల్లోనే. ఒక్క మంట గూటిని పోగొడుతుంది, పిల్లలకు మొదటి రెండు మూడు వారాలు ప్రాణాధారమైన చెదలను, పురుగులను పోగొడుతుంది, మిగిలిన పక్షులను కాలని పొదల్లోకి, వాగు ఒడ్డుకు నెడుతుంది. అక్కడే గుంపు పెరుగుతుంది, అక్కడే రెట్ట పెరుగుతుంది. బ్రిటన్‌లో కూడా హెదర్‌ను కాలుస్తారు. కాని గూళ్ల కాలానికి ముందే, చిన్న చిన్న పట్టీలుగా, ఏళ్ల వంతులు వేసుకొని కాలుస్తారు. లేత చిగురు పక్కనే ముదురు పొద ఉండేలా చూడడం దాని ఉద్దేశం. మన దగ్గర ఒక గుట్టంతా ఒకే వారంలో నల్లబడుతుంది.

లాంటానా కంప గురించి నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. అది గడ్డిని చంపుతుంది, నిజమే. కాని కాలి బోడి అయిన గుట్ట మీద పక్షికి మిగిలిన చాటు కొన్నిచోట్ల అదొక్కటే. ఒక్కసారిగా పీకేస్తే చాటు పోతుంది, గద్దలకు పండగ అవుతుంది. పట్టీలుగా తీసి, తీసిన చోట గడ్డి, స్థానిక పొద నిలదొక్కుకున్న తరువాతే మరొక పట్టీకి పోవడం మంచిది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య పెనుగాలికి వేలాది చెట్లు ఒక్క పూటలో కూలిన అడవిలో ఇప్పుడు ఎండ నేలకు తగులుతున్నది, పడిన మొద్దుల మధ్య చాటు ఏర్పడింది. అక్కడ వచ్చేది గడ్డో లాంటానానో నేలపక్షుల భవిష్యత్తును నిర్ణయిస్తుంది. గోవిందరావుపేట నుంచి అది ఎంతో దూరం కాదు. కూలిన అడవిలోనూ, పక్కనే నిలిచిన అడవిలోనూ ఒకే తీరుగా కూతలు లెక్కపెట్టేవారు ఉంటే ప్రయోగశాలలో దొరకని పోలిక దొరుకుతుంది.

మీరు చేయగలిగిన పని అదే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తెల్లవారుజామున అవే చోట్ల నిలబడి కూసే పుంజులను లెక్కించండి. జూన్, జులైలలో పెట్ట వెంట ఎన్ని పిల్లలు ఉన్నాయో రాసుకోండి. ఈ రెండో లెక్క లేకుండా మొదటి లెక్కతో ఏమీ చెప్పలేము. పెట్టకు పిల్లల సంఖ్య బాగానే ఉండి పెద్ద పక్షులు తగ్గుతుంటే ఉచ్చులు, కరెంటు తీగలు, కుక్కలు, కొక్కెర తెగులు వంటివాటి వైపు చూడాలి. పెద్ద పక్షులు ఉండి పిల్లలు లేకపోతే మంట, తిండి, పురుగు, పిడుదు. మడుగు ఒడ్డున తాజా రెట్టను ఏరి, ఏ చోటు ఏ తేదీ అని రాసి, మూత ఉన్న డబ్బీలో చల్లగా ఉంచి పశువైద్య ప్రయోగశాలకు ఇస్తే గుడ్ల లెక్క తేల్చగలరు. ముదురు రంగు జిగట రెట్టను, గట్టి రెట్టను వేర్వేరుగా పెట్టండి. అంధనాళపు పురుగుల గుడ్లు ఎక్కువగా మొదటిదానిలోనే ఉంటాయి. ఒకటి రెండు రెట్టలతో తీర్పు చెప్పవద్దు. చాలా పురుగుల విషయంలో కొద్ది పక్షుల్లోనే ఎక్కువ పురుగులు పోగుపడి ఉంటాయి. ఆ కొద్దిపాటివే మీ చేతికి దొరికితే అడవంతా జబ్బు అనిపిస్తుంది, దొరకకపోతే అడవంతా ఆరోగ్యం అనిపిస్తుంది.

మందు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. చల్లిన గింజ ఏ పక్షి ఎంత తిన్నదో తెలియదు; చాలీచాలని మోతాదు మందుకు లొంగని పురుగును తయారుచేస్తుంది; గింజ కోసం పక్షులు ఒకే చోట గుమిగూడి పురుగును ఇంకా పంచుకుంటాయి; వాటి వెనుక ఉచ్చు పెట్టేవాడు వస్తాడు. అనుమతి లేకుండా అడవిలో ఇలా చేస్తే కేసు కూడా అవుతుంది. ఆ డబ్బును గూడెం కోళ్ల మీద పెట్టండి. కొక్కెర తెగులు టీకా పశువైద్యశాలలో దొరుకుతుంది. పేగు పురుగుల మందు అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: చౌకగా దొరికే పిపరజీన్ పెద్ద ఏలికపాముల మీద పనిచేస్తుంది గాని హెటరాకిస్ మీద అంతగా పనిచేయదు, ఫెన్‌బెండజోల్ రెండింటి మీదా పనిచేస్తుంది. మోతాదు మీ పశువైద్యుడిని అడిగి వేయండి. వానలు పడే ముందు ఒకసారి, వానలు వెనుకపట్టిన తరువాత ఒకసారి వేస్తే అడవి అంచుకు చేరే గుడ్లు బాగా తగ్గుతాయి. కోళ్లను పొద్దున కాస్త ఆలస్యంగా వదలడం, గూటి ఎరువును అడవి వైపు పారబోయకుండా కుప్పలో మాగనివ్వడం ఖర్చు లేని పనులు.

మళ్లీ చచ్చిన పక్షి కనిపిస్తే చేతితో ముట్టుకోకుండా, కోయకుండా అటవీశాఖ బీట్ అధికారికి చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కళేబరాన్ని ఇంటికి తెచ్చుకోవడం కూడా ఇబ్బందే. పైగా పక్షి జ్వరాల వంటివి మనిషికి సోకే అవకాశం ఉంది. ఉన్నచోటనే ఫోటో తీసి, చుట్టుపక్కల నీరు, కాలిన నేల, కోళ్ల జాడ రాసుకోండి. శాఖవారు పరీక్షకు పంపేటట్లయితే మంచుముక్కల మధ్య అదే రోజు పంపమని చెప్పండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన కళేబరంలో పురుగులను లెక్కించవచ్చు గాని కార్జం, పేగు గోడల్లో మార్పులు సరిగా కనిపించవు. హిస్టోమోనాస్ అయితే పక్షి చల్లబడిన కొద్దిసేపటికే కదలిక ఆగి గుర్తుపట్టరాకుండా పోతుంది కాబట్టి, కార్జం మచ్చలను చూసే నిర్ణయించవలసి ఉంటుంది.